తాగేకొద్దీ బయటపడే బొమ్మ

ప్రాచీన గ్రీకులు వైన్ తాగే పాత్రల్లో కైలిక్స్ ఒకటి. వెడల్పుగా, లోతు తక్కువగా ఉండే గిన్నె, కింద పొట్టి కాడ, గుండ్రటి పాదం, రెండు పక్కలా అడ్డంగా పిడులు. మ్యూజియంలో అద్దాల వెనక చూస్తే అలంకారానికి చేసిందే అనిపిస్తుంది. కానీ దాని మీద బొమ్మలు వేసినవాళ్ల మనసులో ఉన్నది, పాత్ర చేతపట్టుకుని తాగే మనిషి. అతణ్ణి మరిచిపోతే కైలిక్స్ సగమే అర్థమవుతుంది.

ఏథెన్స్‌లో మగవాళ్ల పానగోష్ఠిని సింపోజియం అనేవారు. గోడల వెంట వేసిన మంచాల మీద ఎడమ మోచేతిపై ఒరిగి, కుడిచేత్తో పాత్ర అందుకునేవారు. వైన్‌లో నీళ్లు కలపనిదే తాగేవారు కాదు. అడుగున మిగిలిన మడ్డితో కొట్టబోస్ అనే ఆట ఆడేవారు: పిడిలో చూపుడువేలు దూర్చి, పాత్రను విసురుగా తిప్పి, మడ్డితో గురి కొట్టాలి.

ఇక ఎక్సీకియస్ అనే ఏథెన్స్ కుమ్మరి, చిత్రకారుడు చేసిన కైలిక్స్ చూద్దాం. క్రీ.పూ. 530 ప్రాంతానిది. వెడల్పు సుమారు 30 సెంటీమీటర్లు. లోపలంతా పగడపు ఎరుపు. దాని మీద ఒక ఓడ, అందులో గోష్ఠికి వచ్చిన అతిథిలాగే ఒరిగి ఉన్న మద్యదేవుడు డయోనైసస్. తెరచాప కొయ్యను అల్లుకున్న ద్రాక్షతీగకు 7 గుత్తులు, ఓడ చుట్టూ 7 డాల్ఫిన్లు. తనను ఎత్తుకుపోయిన ఓడదొంగలను ఆ దేవుడు డాల్ఫిన్లుగా మార్చేశాడని గ్రీకుల కథ. ఇంతా వేసిన చిత్రకారుడు సముద్రాన్ని మాత్రం గీయలేదు. ఒక్క అల కూడా లేదు. పాత్ర నింపితే వైనే సముద్రమవుతుందని వదిలేశాడని నాకు గట్టిగా అనిపిస్తుంది. నిండుగా ఉన్నప్పుడు బొమ్మ మునిగి ఉంటుంది. తాగేకొద్దీ ఓడ తేలుతుంది.

బయటివైపు రెండు జతల పెద్ద కళ్లున్నాయి. తాగడానికి పాత్ర ఎత్తితే అది ముఖాన్ని కప్పేస్తుంది. ఎదుటి మంచం మీదివాళ్లకు కళ్లు, చెవుల్లా పిడులు, నోరులా పాదం అడుగు కనిపించి, మనిషికి ముసుగు తొడిగినట్టు ఉంటుంది.

ఈ పాత్రల బొమ్మల్లో కనిపించే నిగనిగలాడే నలుపు మామూలు రంగు కాదు. పాత్ర చేసిన ఇనుపపాలు ఎక్కువున్న మట్టినే నీళ్లలో తేర్చి, అతి మెత్తటి భాగంతో బొమ్మలు పూసేవారు. ఆవంలో మొదట గాలి ఆడనిస్తే అంతా ఎర్రబడుతుంది. తర్వాత గాలి మార్గాలు మూసి పచ్చికట్టెలు వేస్తే అంతా నల్లబడుతుంది. అప్పుడే పూత కరిగి గాజులా బిగుసుకుంటుంది. మళ్లీ గాలి వదిలినప్పుడు పూత లేని మట్టి ఎరుపుకు తిరుగుతుంది, బిగుసుకున్న పూతలోకి గాలి దూరదు కనుక నల్లగా ఉండిపోతుంది. ఆవం వేడిని కొలిచే సాధనాలేవీ లేని రోజుల్లో, కంటి అంచనాతో ఈ మూడు దశలు దాటించిన కుమ్మరుల నేర్పు తలచుకుంటే చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఎక్సీకియస్ పాత్ర దొరికింది గ్రీసులో కాదు, ఇటలీలోని వుల్చిలో. అక్కడి ఎట్రుస్కన్లు ఏథెన్స్ పాత్రలను ఇష్టంగా కొని సమాధుల్లో పెట్టుకునేవారు. ఎన్నో కైలిక్స్‌లు పగలకుండా మిగిలింది అందువల్లే. ఎక్సీకియస్ పాత్ర ఇప్పుడు జర్మనీలోని మ్యూనిక్ మ్యూజియంలో ఉంది. పుస్తకాల్లో ఓడనూ కళ్లనూ విడివిడి ఫొటోలుగా వేస్తారు. ఓడ తాగేవాడికి, కళ్లు ఎదుటివాళ్లకు, రెండూ ఒకే గుక్కలో కనిపించేవి.