ఆఫ్రికా విద్యార్థులు, కంప్యూటరు చదువు: ధనసహాయ మార్గములు

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిసరములందు తిరుగువారికి ఆఫ్రికా దేశముల విద్యార్థులు కొత్తవారు కారు. బస్సుకొఱకు నిలిచిన ఆ యువకులను, యువతులను చూచి వారే దేశమువారో యని మనము అనుకొందుము గాని, వారి చదువునకు ధనమెవ్వరు సమకూర్చిరని సాధారణముగా ఆలోచింపము. కంప్యూటరు శాస్త్రము చదువగోరు ఆఫ్రికా విద్యార్థికి అన్నిటికంటె పెద్ద ప్రశ్న అదియే. ఆ ప్రశ్నకు నేడున్న సమాధానములు కొన్నింటిని పరిశీలింతము.

మొదట ఒక పాతకథ చెప్పవలసియున్నది. 1959లో కెన్యా ఇంకను బ్రిటిషువారి పాలనలో నుండెను. కార్మికనాయకుడు టామ్ ఎంబోయా అమెరికాలో పర్యటించి, అక్కడి కళాశాలలను ఒప్పించి, తన దేశపు యువకులకు విద్యార్థివేతనములు సంపాదించెను. తీరా చూడగా చిక్కు మరియొకచోట వచ్చినది. చదువు చెప్పుటకు కళాశాలలు సిద్ధముగా నున్నవి. నైరోబీనుండి న్యూయార్కు చేరుటకు కావలసిన సొమ్ము మాత్రము విద్యార్థులవద్ద లేదు. అప్పుడు బేస్‌బాల్ క్రీడాకారుడు జాకీ రాబిన్సన్, గాయకుడు హ్యారీ బెలఫాంటే, నటుడు సిడ్నీ పాయిటియర్ విరాళములకై విజ్ఞప్తి చేసిరి. ప్రజలిచ్చిన ధనముతో విమానము బాడుగకు తీసికొని, ఆ సెప్టెంబరులో 81 మంది విద్యార్థులను అమెరికాకు చేర్చిరి. మరుసటి సంవత్సరము కెనడీ కుటుంబపు ధర్మనిధి లక్ష డాలర్లు ఇచ్చినది. 1960లో ఈ విధముగా వెళ్లినవారిలో వంగారి మాతాయ్ ఒకరు. ఆమె కాన్సాస్ రాష్ట్రమున జీవశాస్త్రము చదివి, 2004లో నోబెల్ శాంతి బహుమానము నందిరి.

ఇన్నేండ్లు గడచినను ఆ చిక్కు తీరలేదు. సహాయము చేయువారి దృష్టి పెద్ద ఖర్చుపైననే నిలుచును. విద్యార్థి ఆగిపోవునది చిన్న ఖర్చులవద్ద. దరఖాస్తు రుసుము, ఆంగ్లభాషా పరీక్ష రుసుము, పాస్‌పోర్టు, వీసా, విమానపు టిక్కెట్టు - ఇవన్నియు వేతనము చేతికందకముందే పెట్టవలసిన ఖర్చులు. ఫీజు మాఫీ యని వచ్చిన ఉత్తరమును చూచి పూర్తి వేతనము లభించినదని సంతోషించు కుటుంబములు ఎన్నియో కలవు. భోజనము, అద్దె, భీమా అందులో చేరినవో లేదో వరుసవరుసగా చదివి చూచుకొనవలెను. కంప్యూటరు విద్యార్థికి సొంత ల్యాప్‌టాప్ లేనిదే రోజు గడవదు గనుక, దాని వెలయు లెక్కలో చేర్చవలెను.

మన ఇండ్లలో బిడ్డను అమెరికా పంపదలచిన తండ్రి బ్యాంకుకు పోవును, లేదా పొలము కుదువబెట్టును. డాలరు పెరిగినపుడు అతని గుండె కొంచెము బరువెక్కును. నైజీరియాలో జరిగినది ఇంతకంటె కఠినము. 2023 జూనుకు ముందు ఆ దేశపు నైరాలు సుమారు 460 ఇచ్చిన ఒక డాలరు వచ్చెడిది. 2024 ఫిబ్రవరి నాటికి 1,500కు పైగా ఇయ్యవలసి వచ్చెను. ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము ఎనిమిది నెలలలో మూడవవంతు విలువకు దిగిపోయినది. ప్రవేశము పొందియు, విదేశములలో సగము చదువులో నుండియు చిక్కుకొన్నవారి సంగతి ఊహించుకొనవచ్చును.

ఇక మార్గములు. మౌలానా ఆజాద్ 1950లో స్థాపించిన భారతీయ సాంస్కృతిక సంబంధముల మండలి ఆఫ్రికా విద్యార్థులకు మన విశ్వవిద్యాలయములలో చదువుటకు వేతనము లిచ్చుచున్నది. బోధనా రుసుము, నెలసరి భత్యము, ఇంటి అద్దె ఇందులో చేరును. ఇంజనీరింగు కోరువారు పాఠశాలలో భౌతిక, రసాయన, గణితశాస్త్రములు మూడును చదివియుండవలెను. కొందరు ఈ నియమమును ఆలస్యముగా తెలిసికొని నష్టపోవుదురు. దరఖాస్తు మండలివారికే నేరుగా పంపవచ్చును, దళారి అక్కరలేదు.

ఆఫ్రికాలోనే చదువుకొను ఏర్పాటులు మాకు మరింత ఆశాజనకముగా తోచుచున్నవి. దక్షిణాఫ్రికాలో జన్మించిన భౌతికశాస్త్రవేత్త నీల్ ట్యూరాక్ 2003లో కేప్‌టౌన్ సమీపమున మ్యూజెన్‌బర్గులో ఆఫ్రికా గణితశాస్త్ర సంస్థను నెలకొల్పెను. సముద్రతీరమున నున్న ఒక పాత హోటలు భవనమే దాని పాఠశాల, వసతిగృహము. పలు దేశములనుండి ఆచార్యులు వచ్చి, ఒక్కొక్కరు మూడేసి వారములు ఒక్కొక్క విషయము బోధించి, విద్యార్థులతోనే భోజనముచేసి అక్కడనే నివసింతురు. బోధన, వసతి, భోజనము, ప్రయాణము అన్నియు సంస్థయే భరించును. ఎంబోయా విద్యార్థులను ఆపిన ఆ టిక్కెట్టు ఇక్కడ లెక్కలో చేరియున్నది. సెనెగల్, ఘనా, కామెరూన్, ర్వాండాలలో దీని శాఖలు వెలసినవి. 2018లో గూగుల్, ఫేస్‌బుక్ సంస్థల సహాయముతో కిగాలీలో యంత్రమేధపై ఒక స్నాతకోత్తర పాఠ్యక్రమమును ఈ సంస్థయే ఆరంభించినది. ఐతే ఇది డిగ్రీ ముగించినవారికే.

అదే నగరమున అమెరికాకు చెందిన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు శాఖ కలదు. దానికి మాస్టర్‌కార్డ్ ఫౌండేషన్ 2022లో 27 కోట్ల 57 లక్షల డాలర్లు ప్రకటించినది. అందు 17 కోట్ల 50 లక్షలు మూలనిధి. మూలనిధి యనగా అసలు ముట్టక రాబడినే వెచ్చించునది. నూటికి నాలుగు చొప్పున వచ్చినను ఏటికి 70 లక్షల డాలర్లగును. దాత మనసు మారినను విద్యార్థి చదువు నిలువదు గనుక, ఏటేటి విరాళముకంటె ఇది మేలని మా అభిప్రాయము.

మొదటి డిగ్రీ కోరువారికే దారి యిరుకు. ఘనాలో పాట్రిక్ అవువా 2002లో ఆరంభించిన అషేసీ విశ్వవిద్యాలయము కంప్యూటరు శాస్త్రమును బోధించుచు పేదవారికి సహాయము చేయుచున్నది. కెన్యాలో 1995 నుండి ప్రభుత్వ ఋణమండలి అప్పు లిచ్చుచున్నది. చదువు ముగిసినపిమ్మట తీర్చవలెను.

2023లో మన మద్రాసు ఐ.ఐ.టి. టాంజానియాలోని జాంజిబారులో తన శాఖను తెరచి, దత్తాంశశాస్త్రమున, కృత్రిమమేధలో డిగ్రీ తరగతులు ప్రారంభించినది. మన ఐ.ఐ.టి.లలో విదేశమునకు వెళ్లినది ఇదియే మొదటిది. తూర్పు ఆఫ్రికా విద్యార్థికి మద్రాసు ప్రయాణము తప్పినది. రుసుము మాత్రము డాలర్లలోనే నిర్ణయించిరి.