మీటరు బాగుందంటుంది.. రొయ్య పైకి తేలుతుంది!
చెరువు గట్టున ప్రాణవాయువు మీటరును నమ్మేదెలా?

తెల్లవారుజాము నాలుగు గంటలు. గట్టు మీద కాపలా మనిషి ప్రోబ్‌ను నీటిలో ముంచాడు. మీటరులో అంకె 6 చూపించింది. ఏరేటర్లు ఆపే ఉంచాడు. అరగంటకు రొయ్యలు అంచుల వెంట పైకి తేలుతున్నాయి. ఇంతకూ ఎవరిని నమ్మాలి? మీటరునా, రొయ్యనా?

రొయ్యనే నమ్మాలి. ముందు ఏరేటర్లు తిప్పాలి. మీటరు సంగతి తరువాత చూసుకోవచ్చు.

భీమవరం, ఆకివీడు ప్రాంతాల్లో చెరువు సాగు చేసే రైతుకు డి.ఓ. మీటరు కొత్తది కాదు. 2009లో వెనామీ రొయ్య సాగుకు అనుమతి వచ్చాక చెరువులో పిల్లల సంఖ్య పెరిగింది, మీటరు అవసరమూ పెరిగింది. పగలు ఎండకు నీటిలోని నాచు ప్రాణవాయువును తయారు చేస్తుంది. రాత్రి నాచు, రొయ్య, అడుగు బురద అన్నీ కలిసి దాన్ని వాడుకుంటాయి. అందుకే సూర్యోదయానికి ముందు అది బాగా తగ్గిపోతుంది. మబ్బు పట్టిన రోజుల మర్నాడు ముప్పు మరీ ఎక్కువ. లీటరు నీటికి 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూసుకోవాలి. 2కు దిగితే పంట ప్రాణం మీదకు వచ్చినట్లే.

ప్రోబ్ ఎలా పని చేస్తుంది?

పొర ఉన్న ప్రోబ్‌ను అమెరికా శాస్త్రజ్ఞుడు లీలండ్ క్లార్క్ 1956లో ప్రకటించాడు. రక్తంలోని ప్రాణవాయువును కొలవడం ఆయన ఉద్దేశం. ఫ్యాక్టరీల మురుగునీటి శుద్ధి తొట్లలోనూ ఇదే తరహా ప్రోబ్‌లు వాడుతున్నారు. ప్రోబ్ కొనలో బంగారం లేదా ప్లాటినం ముక్క ఒకటి, వెండి ముక్క ఒకటి ఉంటాయి. వాటి మధ్య పొటాషియం క్లోరైడు ద్రావణం, పైన పలుచని పొర. నీటిలోని ప్రాణవాయువు పొర గుండా లోపలికి వెళితే కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. మీటరు దాన్నే అంకెగా చూపిస్తుంది. పొర చిరిగినా, మురికి పట్టినా, లోపల బుడగ చేరినా అంకె తప్పుతుంది.

ముందు గాలిలో పరీక్ష

మీటరు తప్పు చూపుతోందన్న అనుమానం వస్తే మొదట బ్యాటరీ, తరువాత కేబుల్ ప్లగ్ చూడాలి. ఉప్పు గాలికి ప్లగ్ లోపల చిలుము పడుతుంది. ఈ రకం ప్రోబ్‌లలో చాలావాటికి మీటరు వేశాక పది పదిహేను నిమిషాలు ఆగాలి. వెంటనే ముంచితే అంకె నిలవదు.

తరువాత సీసా అడుగున కొద్దిగా నీరు పోసి, ప్రోబ్‌ను నీటికి తగలకుండా లోపల వేలాడదీయాలి. పొర మీద నీటి బొట్టు ఉంటే మెత్తగా తుడవాలి. ఆ తేమ గాలిలో మీటరు 100 శాతం చూపాలి. చూపకపోతే సరిదిద్దుకోవాలి. సరిదిద్దినా నిలవకపోతే పొర, లోపలి ద్రావణం రెండూ మార్చాలి. కొత్త పొరకు వేలు తగలనీయకూడదు. ముడత, బుడగ ఉండకూడదు. వెండి ముక్క నల్లబడి ఉంటే మీటరుతో వచ్చిన పుస్తకంలో చెప్పినట్లే శుభ్రం చేయాలి. గరుకు కాగితంతో ఇష్టం వచ్చినట్లు రుద్దితే ప్రోబ్ పాడవుతుంది.

అసలు పరీక్ష సున్నా దగ్గర

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. 100 దగ్గర సరిగ్గా ఉన్న మీటరు 2 దగ్గర తప్పు చెప్పవచ్చు. రైతుకు కావలసింది ఆ 2 దగ్గరి నిజమే. గ్లాసు నీటిలో చెంచాడు సోడియం సల్ఫైటు కలిపితే నీటిలోని ప్రాణవాయువు పోతుంది. అందులో ముంచిన ప్రోబ్ కొద్ది నిమిషాల్లో సున్నా దగ్గరకు దిగాలి. 1 దగ్గరో, 2 దగ్గరో ఆగిపోతే ఆ ప్రోబ్‌ను నమ్మి నిద్రపోకూడదు. పరీక్ష అయ్యాక ప్రోబ్‌ను మంచినీటితో బాగా కడగాలి.

ఉప్పుదనం మరచిపోవద్దు

30 డిగ్రీల వేడిలో మంచినీరు సుమారు 7.5 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టి ఉంచుతుంది. ఉప్పునీరు అంత పట్టదు. లీటరుకు 20 గ్రాముల ఉప్పు ఉన్న చెరువులో మీటరు ఉప్పుదనాన్ని సున్నా మీదే వదిలేస్తే, ఉన్నదానికంటే సుమారు పదో వంతు ఎక్కువ చూపుతుంది.

ప్రోబ్‌ను నీటిలో కదలకుండా పట్టుకుంటే పొర దగ్గర ప్రాణవాయువు అయిపోయి అంకె తగ్గుతూ పోతుంది. అప్పుడు అనవసరంగా డీజిలు, కరెంటు ఖర్చవుతాయి. నెమ్మదిగా ఊపుతూ చూడాలి. ఏరేటరు పక్కన కాదు, దూరంగా, రొయ్య తిరిగే అడుగున చూడాలి. చెరువులోనే వదిలేసే ప్రోబ్‌కు పాకుడు పడుతుంది. దాన్ని తరచు కడగకపోతే అంకె చెరువుది కాదు, పాకుడుది.

కాంతితో పనిచేసే ప్రోబ్‌లకు పొర మార్చే బెడద, ద్రావణం పోసే బెడద లేవు. అయితే వాటి టోపీ కూడా కాలం తీరాక మార్చవలసిందే. పాకుడు వాటినీ వదలదు.

రెండో సాక్షి

మీటరుకు పోటీగా మరో పద్ధతి ఉండనే ఉంది. హంగరీ రసాయన శాస్త్రజ్ఞుడు వింక్లర్ 1888లో చెప్పిన సీసా పరీక్ష అది. నీటి పరీక్ష చేసే ల్యాబులకు ఇది తెలిసిన పనే. అప్పుడప్పుడు ఒకే నీటిని రెండు విధాలా పరీక్షించి అంకెలు పోల్చుకుంటే మీటరు గుట్టు తెలిసిపోతుంది.

సల్ఫైటు పొట్లం, పొర, ద్రావణం సీసా గట్టు మీది షెడ్డులో ముందే ఉంచుకోవడం మంచిది. తెల్లవారుజామున వాటి కోసం కొట్టు తలుపు తట్టే వ్యవధి చెరువు ఇవ్వదు.