పాత కారులో కొత్త స్టీరియో

మన టౌన్‌షిప్పు క్వార్టర్ల ముందు గుడ్డకవరు కప్పుకొని నిలిచిన పాత కార్లు నేటికీ కొన్ని కానవస్తాయి. ప్రీమియర్ పద్మిని తయారీ ఆగి రెండు దశాబ్దాలు దాటినది. మారుతి 800, అంబాసిడర్ కార్ల ఉత్పత్తి 2014వ సంవత్సరంలో నిలిచిపోయినది. అయినప్పటికీ వాటి యజమానులు వాటిని విడువరు. ఇంజను సరిచేయించి, రంగు వేయించిన పిమ్మట వారికి కలిగే కోరిక ఒక మంచి స్టీరియో. సెట్టు అమర్చడం గంట పని అని దుకాణదారు చెబుతాడు. ఆ గంటసేపు యజమాని ఇంటికి వెళ్లక పక్కనే నిలిచి చూడవలసిన విషయాలు కొన్ని ఉన్నవి.

అందరి దృష్టీ ముందుగా డాష్‌బోర్డులోని రంధ్రం మీద పడుతుంది. నేటి సెట్ల ముఖభాగం కొలత జర్మనీ ప్రమాణం నుండి వచ్చి, అనంతరం ఐ.ఎస్.ఓ. 7736 అనే అంతర్జాతీయ ప్రమాణమైనది. సెట్టు వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 50. దానికి కావలసిన రంధ్రం 182కు 53. దుకాణాలలో దీనినే సింగిల్ డిన్ అంటారు. పాత రేడియోలు ఈ కొలతవి కావు. ఎడమవైపు ఒక గుండీ, కుడివైపు మరొక గుండీ, నడుమ స్టేషన్ల స్కేలు. ఆ గుండీల ఇరుసులే సెట్టును డాష్‌బోర్డుకు పట్టి ఉంచేవి. కనుక రేకులో ఉన్నవి రెండు గుండ్రని రంధ్రాలు, వాటి మధ్య చిన్న కిటికీ మాత్రమే. కొత్త సెట్టు దూరాలంటే ఈ మూడింటినీ కలిపి కోయవలసిందే.

కోయవద్దని నా అభిప్రాయం. ఇంజను పోతే మరొక ఇంజను దొరుకుతుంది; కోతపడని పాత డాష్‌బోర్డు రేకు దొరకడం దుర్లభం. డాష్‌బోర్డు అడుగున బ్రాకెట్టు వేసి సెట్టును వేలాడదీయవచ్చు. గ్లవ్ బాక్సులో దాచవచ్చు. రెండు గుండీల నమూనాలోనే బ్లూటూత్, యు.ఎస్.బి. సౌకర్యాలతో తయారైన సెట్లు కూడా ఇప్పుడు లభిస్తున్నవి. వాటి ధర అధికమే. రేకు విలువతో పోల్చి చూస్తే ఆ ధర భారమనిపించదు.

రంధ్రం సంగతి అంతటితో సరి. అసలు కష్టం రేకు వెనుక, చీకటిలో, తీగల మధ్య ఉన్నది.

మా విభాగంలోని సహోద్యోగి ఒకరు తన పద్మినికి కొత్త సెట్టు పెట్టించారు. దీపాలు వెలిగినవి, స్టేషను పేరు కనిపించినది, శబ్దం మాత్రం లేదు. దుకాణంవారు సెట్టులోనే లోపమని తేల్చి మరొకటి బిగించారు. అదీ మూగదే. మూడవది తెప్పించే ముందు వారు కారును మా ఇంటికి తీసుకువచ్చారు. మీటరుతో చూడగా విషయం తేటతెల్లమైనది. స్పీకర్లు పాతవి. ఒక్కొక్కదానికి ఒకే తీగ వచ్చి ఉన్నది. రెండవ కొన కారు బాడీకి మరతో బిగించి ఉన్నది.

ఆనాటి రేడియోకు ఇది సక్రమమైన పద్ధతే. స్పీకరు నుండి విద్యుత్తు బాడీ ద్వారా తిరిగి వచ్చేది, ఒక తీగ ఖర్చు మిగిలేది. నేటి సెట్ల నిర్మాణం వేరు. ప్రతి స్పీకరు వెనుక రెండు ఆంప్లిఫయర్లు ఉంటాయి. ఒకటి నెట్టుతుండగా రెండవది లాగుతుంది. దానివల్ల స్పీకరు కొనల నడుమ వోల్టేజి రెట్టింపై, శక్తి నాలుగింతలవుతుంది. ఈ అమరికలో స్పీకరుకు వెళ్లే రెండు తీగలలో ఏదీ ఎర్త్ కాదు. సెట్టు పనిచేస్తుండగా ఏ తీగను బాడీతో పోల్చి కొలిచినా సుమారు 6 నుండి 7 వోల్టులు చూపుతుంది. రెండు తీగల మధ్య కొలిస్తే దాదాపు సున్నా. అటువంటి తీగను బాడీకి కలిపితే ఆంప్లిఫయరు చిప్పు షార్టు అవుతుంది. మంచి చిప్పు తనను తాను కాపాడుకొని మౌనం వహిస్తుంది. అంతటి రక్షణ లేనిది కాలిపోతుంది. మా సహోద్యోగి కారులో ప్రతి స్పీకరునూ బాడీ నుండి విడదీసి, రెండేసి తీగలు లాగగానే, లోపమున్నదని పక్కన పెట్టిన మొదటి సెట్టే చక్కగా పాడినది.

డాష్‌బోర్డులో ఒకే స్పీకరు ఉన్న కార్లలో మరొక చిక్కు ఉన్నది. ఎడమ, కుడి అవుట్‌పుట్ తీగలను కలిపి ఆ ఒక్క స్పీకరుకే ఇచ్చేవారు ఉన్నారు. అలా ఎన్నడూ కలపరాదు. ఒకే స్పీకరులో రెండు కాయిల్స్ ఉండే రకం ఇందుకోసమే తయారవుతున్నది.

పెట్టె మీది వాట్ల విషయం కూడా ఇక్కడే చెప్పడం మంచిది. 50 వాట్లు, నాలుగు చానెళ్లు అని ఘనంగా ముద్రిస్తారు. బ్యాటరీ వోల్టేజితో నేరుగా పనిచేసే ఆంప్లిఫయరు 14.4 వోల్టుల వద్ద 4 ఓముల స్పీకరుకు, ఏ నష్టమూ లేదనుకున్నా, శుద్ధమైన ధ్వనిగా ఇవ్వగలిగినది 26 వాట్లు. అదే వోల్టేజిని చతురస్ర తరంగంగా, అనగా పాట పూర్తిగా గరగరమనే స్థితిలో లెక్కిస్తే 52 వస్తుంది. పెట్టె మీది అంకె ఈ రెండవ లెక్కకు చెందినది. కారులో వినడానికి 15 వాట్లే పుష్కలం.

ఇక ఎక్కువ శ్రద్ధ చూపవలసినది ఫ్యూజు. సెట్టు వెనుక 10 లేక 15 ఆంపియర్ల ఫ్యూజు ఉన్నది కదా అని బ్యాటరీ నుండి నేరుగా తీగ లాగి కలిపేస్తుంటారు. ఆ ఫ్యూజు సెట్టుకు కాపలా. బ్యాటరీ నుండి సెట్టు వరకు వచ్చే తీగకు కాపలా ఎవరు? ఇంజను గదికీ క్యాబినుకూ మధ్య ఉన్న రేకు అంచుకు రాసుకొని తీగ తొడుగు తెగితే, బ్యాటరీ వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది. తీగ ఎర్రబడుతుంది, పక్కనున్న తీగల తొడుగులు అంటుకుంటాయి. సెట్టు ఫ్యూజు మాత్రం చెక్కుచెదరదు, ఎందుకనగా దాని గుండా ఏమీ ప్రవహించలేదు. అందుచేత బ్యాటరీ టెర్మినలుకు జానెడు దూరంలోనే మరొక ఫ్యూజు ఉండాలి. తీగ రేకును దాటే చోట రబ్బరు గ్రొమ్మెట్ ఉండాలి. తీగ 2.5 చదరపు మిల్లీమీటర్లదైతే 3 మీటర్ల పొడవులో 10 ఆంపియర్ల వద్ద 0.2 వోల్టు మాత్రమే పోతుంది, 0.75 మందం తీగలో 0.7 వోల్టు పోతుంది.

సాధారణంగా పసుపు తీగ ఎల్లప్పుడూ బ్యాటరీకి, ఎరుపు తాళంచెవి స్విచ్చుకు, నలుపు ఎర్త్‌కు. పాత కారులో స్విచ్చు సరఫరా దొరకలేదని ఎరుపును కూడా పసుపుతో కలిపేస్తే, తాళంచెవి తీసినా సెట్టు మోగుతూనే ఉంటుంది. సక్రమంగా కలిపినా జ్ఞాపకశక్తి కోసం సెట్టు కొంత విద్యుత్తు తీసుకుంటుంది. అది 10 మిల్లీ ఆంపియర్లే అనుకున్నా నెలకు 7.2 ఆంపియర్ అవర్లు; 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఐదవ వంతు. ఆదివారం గుడికి, పండుగకు ఊరికి తప్ప కదలని కారుకు ఇది తక్కువేమీ కాదు. పసుపు తీగలో చిన్న స్విచ్చు పెట్టుకుంటే మేలు.

1950లనాటి పెక్కు బ్రిటిష్ కార్లలో బ్యాటరీ పాజిటివ్ కొనయే బాడీకి కలిపి ఉండేది. అటువంటి కారు చేతికి వస్తే ముందు బ్యాటరీని చూడండి. నేటి సెట్టు లోహపు పెట్టె నెగటివ్. అది ఆ బాడీకి తగలడమే షార్టు.

పాటలో ఇంజను వేగంతో పాటు పెరిగే కూత వినిపిస్తే, ముందుగా నలుపు తీగను రంగు గీకిన శుభ్రమైన రేకుకు బిగించి చూడాలి. టపటపమనే శబ్దమైతే ఇగ్నిషన్ కాయిల్‌ది. కాయిల్‌కు సరఫరా వచ్చే కొన వద్ద సప్రెసర్ కెపాసిటరు వేయాలి, కాంటాక్టు పాయింట్ల కొన వద్ద కాదు. డైనమో ఉన్న కారులో దాని పెద్ద టెర్మినలుకు ఒకటి వేయాలి. ఫీల్డు టెర్మినలుకు వేయరాదు.

తీసివేసిన పాత రేడియోను గుండీలు, బ్రాకెట్టు, మరలతో సహా ఒక పెట్టెలో భద్రపరచండి. ఏ తీగ ఎక్కడికి వెళ్లినదో, ఏ ఫ్యూజు ఎక్కడ ఉన్నదో తెలిపే చిత్రం ఒక కాగితం మీద గీసి గ్లవ్ బాక్సులో ఉంచండి. పదేళ్ల తరువాత ఆ తీగలను విప్పే ఆటో ఎలక్ట్రీషియను దాని కోసమే వెతుకుతాడు.