మెరుపు ఎక్కువైతే తప్పే

పాత కారును కొత్తదానిలా మెరిపించడం, దానిని ఫ్యాక్టరీ గేటు దాటిన నాటి స్థితికి తేవడం వేరువేరు పనులు. మొదటి పనికి మంచి షెడ్డు, తగినంత డబ్బు ఉంటే చాలు. రెండవది మాత్రం ఆనాటి పనివారు ఏ రంగును ఎలా చల్లారో, ఏ మూలను పట్టించుకోకుండా వదిలేశారో తెలుసుకుని, ఆ అలక్ష్యాన్ని కూడా తిరిగి నిలబెట్టవలసిన పని. ఈ నియమాన్ని పట్టుదలగా పాటించేవారిలో అమెరికాలోని షెవ్రొలే కార్వెట్ అభిమానులు ముందుంటారు.

1953లో ఫ్లింట్ నగరంలో 300 కార్లతో, అన్నీ తెల్లరంగులోనే, మొదలైన కార్వెట్ తయారీ మరుసటి ఏడాది సెయింట్ లూయిస్‌కు మారి 1981 దాకా అక్కడ సాగింది. దీని బాడీ ఇనుపరేకుతో కాక ఫైబర్‌గ్లాస్‌తో, అంటే గాజుపీచును రెసిన్ అనే జిగురుతో కలిపి గట్టిపరచిన పలకలతో తయారైంది కనుక, ఆ పలకలను అతికించిన చోట్ల రంగు కింద సన్నని గీతలు కనిపించడం సహజం. రంగు సంగతి మరింత సూక్ష్మమైనది. వారాల తరబడి ఆరే వార్నిష్‌కు బదులుగా డ్యూపాంట్ సంస్థ తయారుచేసిన డ్యూకో అనే లాకర్ 1923లో జనరల్ మోటార్స్ వారి ఓక్లండ్ కార్ల మీదికి వచ్చింది. లాకర్ అంటే అందులోని ద్రావకం ఆవిరైపోగానే గట్టిపడే రంగు. 1950ల చివర దాని స్థానంలో యాక్రిలిక్ లాకర్ వచ్చింది. కంటికి ఎదురుగా ఉండే భాగాలను ఉప్పుకాగితంతో రుద్ది మెరుగుపెట్టినా, మరుగున పడే చోట్లకు అంత శ్రమ పెట్టలేదు. నేటి రంగు రసాయనచర్యతో గట్టిపడుతుంది, దాని మీది పారదర్శకపు పూత అద్దంలా నిగనిగలాడుతుంది. 1960ల కారుకు ఆ నిగనిగ ఎన్నడూ లేదు.

1974లో ఏర్పడిన జాతీయ కార్వెట్ పునరుద్ధరణకర్తల సంఘం పరీక్షకులు చూసేది సరిగ్గా ఇదే. చాసీ మీద తనిఖీదారులు సుద్దతోనో క్రేయాన్‌తోనో పెట్టిన గుర్తులు, పక్కలకు ఎగిరిపడిన రంగుతుంపరలు, బోల్టు తల మీద తయారీదారు ముద్ర, ఆ బోల్టుకు ఉన్నది కాడ్మియం పూతా లేక నల్లని ఫాస్ఫేటు పూతా అన్నది కూడా లెక్కలోకి వస్తాయి. నూటికి 94 గానీ అంతకు మించి గానీ వస్తే వారి మార్కుల శ్రేణుల్లో పై శ్రేణి గుర్తింపు లభిస్తుంది. అన్నిటికీ క్రోమియం పూయించి తళతళలాడించిన కారుకు మార్కులు తగ్గుతాయి.

అయితే కొత్తగా రంగేసిన చాసీ మీద పాత తనిఖీగుర్తులను మళ్లీ గీయడం ఎంత నైపుణ్యమైనా నకలే, చేయి పడని కారుదే పైమెట్టు. 2024లో కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ ప్రదర్శనలో, ఒకప్పుడు బెల్జియం రాజు మూడవ లియోపోల్డ్ వద్ద ఉన్న 1934 నాటి బుగాటి టైప్ 59, పాతరంగుతోనే అగ్రబహుమతి గెలిచింది. పునరుద్ధరించకుండా కాపాడిన కారుకు అక్కడ ఆ గౌరవం దక్కడం అదే మొదలు.

ఇంట్లో తాతల నాటి అంబాసిడరో పద్మినియో ఉన్నవారు దానిని రంగుల షెడ్డుకు తోలేముందు, డిక్కీ అంచు రబ్బరు కింద, డాష్‌బోర్డు వెనుక ఎండ సోకని చోట మిగిలిన తొలిరంగును ఫొటో తీయించి, పాత బోల్టులను పారేయకుండా దాచుకోవాలి.