హోలోకాస్టు: ఒక దహనపదం – అర్థం, ప్రయోగం, అనువాదం

దహనాన్ని తెలిపే ఆంగ్లపదాలు అనేకం ఉన్నవి. వానిలో తెలుగు అనువాదకుని ఎక్కువగా ఇరకాటాన పెట్టేది ‘హోలోకాస్టు’. దీనికి దహనబలి, సర్వనాశనం, మారణహోమం అని మూడు విధాల అర్థం చెప్పవచ్చు. ఈ మూడూ పర్యాయపదాలు కావు. ఆ పదం గడచి వచ్చిన మూడు దశలకు చెందినవి. ఏ వాక్యంలో ఏ దశ పలుకుతున్నదో గుర్తించకుండా ఒకదానికి మారుగా మరొకటి వ్రాస్తే, చనిపోయినవారిని గురించి లేని మాట చెప్పినట్లవుతుంది.

పదవ్యుత్పత్తి సులభమైనది. గ్రీకుభాషలో ‘హోలోస్’ అంటే సమస్తం. ‘కౌస్తోస్’ అంటే కాలినది. సబ్బు తయారీలో వాడే కాస్టిక్ సోడా పేరులోని మొదటి మాట కూడ ఈ ధాతువునుంచే పుట్టినది. క్రీస్తుకు పూర్వం అలెగ్జాండ్రియాలో యూదుల ధర్మగ్రంథాలను గ్రీకులోనికి అనువదించినవారు ‘ఓలా’ అనే హెబ్రూ పదానికి ఈ సమాసాన్ని వాడారు. ‘ఓలా’ అంటే పైకి పోయేది. బలిపశువు పొగగా మారి దైవసన్నిధికి ఎగసిపోతుందని భావం. ఇతర బలులలో మాంసభాగం యాజకునికో అర్పించినవానికో మిగులుతుంది. ఇందులో మాంసమంతా అగ్నికే చెందుతుంది. మూలపదం ఆరోహణను చెప్పగా గ్రీకు అనువాదం సంపూర్ణ దహనాన్ని చెప్పినది. తెలుగు బైబిలు లేవీయకాండములోని ‘దహనబలి’ అనే మాటలో దహనమూ, బలీ ఉన్నవి, సంపూర్ణత లేదు. అనువాదం జరిగిన ప్రతిసారీ ఒక అంశం నిలిచి మరొకటి జారిపోయినదన్నమాట.

లాటిను, ఫ్రెంచి భాషల మీదుగా ఈ పదం ఆంగ్లంలో ప్రవేశించి చాలాకాలం మతపరిధిలోనే ఉన్నది. 1671లో వెలువడిన ‘సాంసన్ అగనిస్టీస్’లో మిల్టను, తనను తాను కాల్చుకొని బూడిదనుంచి మళ్ళీ పుట్టే ఫీనిక్సు పక్షి విషయంలో దీనిని ప్రయోగించాడు. అక్కడ పవిత్రత పలచబడినా దహనం నిలిచే ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దిలో ఘోరమైన అగ్నిప్రమాదాలకూ, సామూహిక వధలకూ ఈ మాట అన్వయించసాగింది. 1929లో చర్చిల్ ఆర్మీనియనుల సంహారాన్ని గురించి వ్రాస్తూ దీనినే వాడాడు. అప్పటికి అగ్ని కూడ ఐచ్ఛికమైపోయి, ‘సమస్తం’ అన్న అర్థభాగమే ప్రధానమైనది. అణుయుద్ధంవల్ల రాగల వినాశాన్ని చెప్పేటప్పుడు ఈ పదం పలికేది ఈ అర్థాన్నే.

మూడవ దశలో ఇది సంజ్ఞానామమైనది. 1941–45 మధ్య నాజీలు, వారి సహచరులు సుమారు 60 లక్షలమంది యూదులను చంపారు. 1950ల తరువాత చరిత్రకారుల రచనలలోనూ, 1978లో అమెరికా టెలివిజనులో ప్రసారమైన ధారావాహిక మూలంగా సామాన్యుల వ్యవహారంలోనూ ఈ పదం ఆ సంఘటనకు పేరుగా స్థిరపడినది. ఆంగ్లంలో పెద్దక్షరంతో వ్రాస్తే ఆ చరిత్ర, చిన్నక్షరంతో వ్రాస్తే ఏదైనా ఒక మహావినాశం. తెలుగు లిపిలో ఈ భేదం లేదు. అందువల్ల ఆంగ్లం ఒక్క అక్షరంతో చెప్పినదానిని తెలుగు రచయిత పదాన్ని మార్చి చెప్పవలసి ఉంటుంది.

ఈ పేరు పట్ల యూదులలోనే అభ్యంతరం ఉన్నది. బలి అన్నప్పుడు అర్పించేవాడొకడు, స్వీకరించే దైవమొకటి, ఆశించిన ఫలమొకటి ఉంటాయి. హతులైనవారిని ఎవరూ ఏ దైవానికీ అర్పించలేదు. విషవాయువుతో, తుపాకులతో, ఆకలితో వారిని చంపారు. శిబిరాలలోని కొలుములు కాల్చినది శవాలను. ఈ కారణంచేతనే చాలామంది ‘షోవా’ అనే హెబ్రూ పదాన్ని కోరుకుంటారు. విపత్తు, వినాశం అని దాని అర్థం. అందులో యజ్ఞచ్ఛాయ లేదు.

ఈ అభ్యంతరం తెలుగుకు మరింత వర్తిస్తుంది. మారణహోమం, నరమేధం – రెండూ యజ్ఞపరిభాషే. శత్రువు చావును కోరి చేసే ఆభిచారిక క్రియ మారణహోమం. అందులో హోమద్రవ్యం వేరు, చచ్చేవాడు వేరు. నేటి వాడుకలో చచ్చినవారే హోమద్రవ్యమయ్యారు. నరమేధంలో మనిషి యజ్ఞపశువు. ఇళ్ళు ‘అగ్నికి ఆహుతి’ అయ్యాయనీ, ప్రయాణికులు ప్రమాదానికి ‘బలి’ అయ్యారనీ పత్రికలు నిత్యం వ్రాస్తూనే ఉన్నవి. అలవాటుచేత ఈ మాటలలోని యాగార్థం వినబడదు. వినబడకపోయినా అది తన పని చేస్తూనే ఉంటుంది: హంతకుని ప్రక్కకు తప్పించి, చావుకు ఒక విధి ఉన్నదన్న భ్రమ కల్పిస్తుంది.

యజ్ఞమూ జాతినిర్మూలనమూ నిజంగా ఏకమైన కథ ఒకటి తెలుగువారికి చిరపరిచితం. తక్షకుడు తండ్రిని చంపినందుకు జనమేజయుడు సర్పజాతినంతటినీ హోమాగ్నిలో కూల్చబూనాడు. హోలోకాస్టు పదానికి గల ప్రాచీనార్థం, ఆధునికార్థం రెండూ అక్కడ ఒకే గుండంలో మండుతున్నవి. ఆ యాగం పూర్తి కాలేదు, ఆస్తీకుడు ఆపించాడు. నన్నయ ఆదిపర్వంలో ఆ కథ చదివినవారికి, యాగమన్న పేరు వధను పావనం చేయదని వేరుగా చెప్పనక్కరలేదు.

కనుక ప్రయోగంలో కొంత వివేకం అవసరం. బైబిలు సందర్భంలో ‘దహనబలి’ చాలును. అణుయుద్ధ సందర్భంలో ‘అణుప్రళయం’ పొసగుతుంది. యూదుల సంహారాన్ని చెప్పేటప్పుడు ‘హోలోకాస్టు’ అనే పేరునే ఉంచి, తొలిసారి వచ్చినచోట ఎవరు ఎవరిని చంపారో ఒక వాక్యంలో చెప్పడం మేలు. ‘జాతినిర్మూలన’ దీనికి బదులు కాజాలదు. అది 1944లో రఫాయెల్ లెంకిన్ ప్రకటించి, 1948లో ఐక్యరాజ్యసమితి ఒడంబడికకెక్కిన వేరొక ఆంగ్ల న్యాయపదానికి సరిపోతుంది. ఇతర సామూహిక వధలకు హత్యాకాండ, ఊచకోత అనే మాటలున్నవి. నిప్పే ఆయుధమైనచోట ‘సజీవదహనం’ ఉన్నది. 1968 డిసెంబరు 25న తంజావూరు జిల్లా కీళ్వెణ్మణిలో ఒక గుడిసెలో 44 మంది దళితులు దగ్ధమైనారు. ఆ ఘటనను ‘ఆహుతి’ అంటే నిప్పు పెట్టిన చెయ్యి మరుగున పడుతుంది. ‘సజీవదహనం’ అంటే కాల్చినవారెవరన్న ప్రశ్న వెంటనే లేస్తుంది. అనువాదకుడు ఎన్నుకొనే మాట ఆ ప్రశ్నకు చోటు మిగల్చవలెను.