హెరాల్డుకు కొత్త చక్రాలు

శ్రీకాకుళం అనగానే అందరూ ఉత్తరాన నాగావళి ఒడ్డున ఉన్న పట్నం అనుకుంటారు. నేను చెప్పేది అది కాదు. కృష్ణాజిల్లా ఘంటసాల మండలంలో, కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళం. ఆంధ్ర మహావిష్ణువు కొలువైన ఊరు. స్వామి కలలో కనిపించి 'ఆముక్తమాల్యద' వ్రాయమని కృష్ణదేవరాయలకు ఆనతిచ్చింది ఇక్కడే. రాయలవారు ఈ ఊరికి ఏ వాహనమెక్కి వచ్చారో నాకు తెలియదు గాని, మా అక్కయ్యగారి ఇంటి సావిట్లో ఉన్న వాహనం సంగతి మాత్రం బాగా తెలుసు. అది 1965 నాటి స్టాండర్డ్ హెరాల్డు. రెండే తలుపులు.

మా బావగారు దాన్ని బెజవాడలో సెకండ్ హాండులో కొన్నారు. ఆయన ఉన్నన్నాళ్ళూ దానికి జరిగిన సేవ పుట్టింటికొచ్చిన ఆడపిల్లకు కూడా జరగదు. ఆయన పోయాక ఏడేళ్ళు దాని మీద ధాన్యం గోతాల పట్టా కప్పి ఉంచారు. క్రిందటి శ్రావణంలో మా మేనల్లుడు హైదరాబాదు నుంచి వచ్చి ఆ పట్టా తీశాడు. అక్కణ్ణుంచి నా కష్టాలు మొదలయ్యాయి.

"మామయ్యా! ఇది స్పోర్ట్సు కారు తెలుసా?" అన్నాడు ఫోనులో.

ముప్పయ్యేళ్ళు మోటారు మెకానిక్కు విద్య చెప్పి రిటైరై బందరులో కూర్చున్నవాణ్ణి. నాకే పాఠమా అనుకున్నాను. కాని వాడి మాటలో కొంత నిజం లేకపోలేదు. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ 1959లో హెరాల్డును విడుదల చేసింది. దాని ఆకారం గీసింది మైకెలోటీ అనే ఇటలీవాడు. 1962లో అదే కంపెనీ హెరాల్డు ఛాసిస్‌ను కాస్త పొట్టి చేసి, దాని మీద స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్సు కారును కట్టింది. దానికీ రూపశిల్పి మైకెలోటీయే. మన దేశంలో హెరాల్డును 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రాడక్ట్స్ వారు తయారుచేశారు. అంచేత మావాడి కారు స్పోర్ట్సు కారు కాకపోయినా, స్పోర్ట్సు కారుకు స్వయానా అక్కగారు.

"చక్రాలు మరీ చిన్నవిగా ఉన్నాయి మామయ్యా, చూడ్డానికి బాగాలేదు. పదిహేను అంగుళాల అలాయ్ చక్రాలు, వెడల్పు టైర్లు వేయిస్తాను. మాఘ పౌర్ణమికి అమ్మను హంసలదీవి తీసుకెళ్ళి సముద్రస్నానం చేయించుకొస్తాను," అన్నాడు.

అక్కయ్యను ఎక్కించుకుంటాననడంతో నేను బస్సెక్కి వెళ్ళక తప్పలేదు.

వెళ్ళేసరికి నాలుగు చక్రాలు అరుగు మీద వెండి పళ్ళాల్లా మెరుస్తున్నాయి. ఈ కాలపు పెద్ద కారువి. టైరు మీద 185/65 ఆర్ 15 అని ఉంది. ఈ అంకెల అర్థం తెలియకుండానే చాలామంది కొనేస్తారు కనుక చెబుతాను. 185 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే ఆ వెడల్పులో నూటికి అరవై అయిదు వంతులు టైరు గోడ ఎత్తు. 15 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. లెక్క కడితే ఈ చక్రం మొత్తం ఎత్తు 62 సెంటీమీటర్ల పైన వస్తుంది. హెరాల్డుకు మొదట ఇచ్చిన టైరు 5.20-13, దాని ఎత్తు దాదాపు 58. నాలుగు సెంటీమీటర్లే గదా అనుకోకండి. చక్రం పెద్దదయితే ఒక్కొక్క చుట్టుకూ ఎక్కువ దూరం పోతుంది. మీటరు 60 చూపిస్తుంటే బండి నిజంగా 64 పైన పోతుంటుంది. 948 సీసీల ఆ చిన్న ఇంజను, ఎత్తు వచ్చినప్పుడల్లా ముసలి ఎద్దులా మొరాయిస్తుంది.

చక్రాన్ని హబ్బుకు పెట్టి చూశాను. బోల్టులు పట్టలేదు. నాలుగు బోల్టుల మధ్యగా ఒక వలయం గీస్తే, హెరాల్డుకు దాని వ్యాసం మూడు ముప్పాతిక అంగుళాలు, అంటే 95 మిల్లీమీటర్ల చిల్లర. ఈ చక్రానికి సరిగ్గా 100.

"కొట్టువాడు చెప్పాడు మామయ్యా, రంధ్రాలు కాస్త రాయిస్తే సరిపోతుందట."

నాకు ఒళ్ళు మండింది. చక్రాన్ని పట్టి ఉంచేవి ఆ నాలుగు బోల్టులే. రంధ్రం సాగితే నట్టు సరిగా కూర్చోదు. కుదుపుకు కుదుపుకూ వదులవుతుంది. ఏ కొట్టువాడు చెప్పాడో నేనడగలేదు, వాడూ చెప్పలేదు.

నాలుగు దెబ్బలేసే వయసు వాడికీ దాటింది, నాకూ దాటింది. అందుకని మా నాన్నగారి బండి సంగతి చెప్పాను. మా చిన్నతనంలో ఎడ్లబండికి నిలువెత్తు కర్ర చక్రాలు, చుట్టూ ఇనుప పట్టా. తరువాత రబ్బరు టైరు బండి వచ్చింది. బరువు ఎక్కువ లాగేది, ఎద్దుల మెడకు సుఖంగా ఉండేది. కాని చక్రం మార్చినప్పుడు ఇరుసు కూడా మార్చారు. పాత ఇరుసుకు కొత్త చక్రం తగిలించిన రైతును నేనెన్నడూ చూడలేదు.

హెరాల్డుకు అసలు ఇబ్బంది ఆ ఇరుసులోనే ఉంది. వెనక చక్రాల ఇరుసులు గొడుగు ఊచల్లాగా, మధ్యనున్న డిఫరెన్షియల్ దగ్గర మాత్రమే మడతపడతాయి. మలుపులో వేగంగా పోతూ హఠాత్తుగా యాక్సిలరేటరు మీద కాలు తీస్తే, కారు వెనక భాగం పైకి లేచి, చక్రం లోపలికి ముడుచుకుపోతుంది. సన్నటి టైరయితే అంతవరకూ రాకముందే కొంచెం జారి హెచ్చరిస్తుంది. వెడల్పు టైరు నేలను గట్టిగా కరుచుకుంటుంది. జారదు, ఒక్కసారే తిరగబడుతుంది. మా ఊరి నుంచి పోయేది కరకట్ట మీద. ఒక ప్రక్క ఏరు, రెండో ప్రక్క పల్లం. మలుపులో ముడుచుకున్న చక్రానికి అక్కడ క్షమాపణ లేదు.

వాడి మొహం చిన్నబోయింది. "అయితే పాత చక్రాలతోనే పొమ్మంటావా?" అన్నాడు.

అలా అనడానికీ వీల్లేదు. పాత టైర్లు గోడలు పగిలి, పొలం నెర్రెలిచ్చినట్లున్నాయి. అరుగుదల లేకపోయినా టైరుకు వయసు మీద పడుతుంది. ఈ కాలపు టైరు గోడ మీద నాలుగంకెలు అచ్చువేసి ఉంటాయి. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారంలో చేసినదని. మీ కారు టైరుకూ ఉంటుంది, చూసుకోండి.

సరే, ఎంత వెడల్పు పడుతుందో కొలుద్దామని కూర్చున్నాం. హెరాల్డులో ఒక సుఖముంది. బానెట్టు, ముందు ఫెండర్లు అన్నీ కలిసి ఒక్క ముక్కగా ముందుకు తెరుచుకుంటాయి. చక్రాల ప్రక్కనే పీట వేసుకుని పని చేసుకోవచ్చు. ఇంకో విశేషం, దాని ముందు చక్రాలు బాగా మెలి తిరుగుతాయి. ఇరవై అయిదు అడుగుల వలయంలో కారు చుట్టు తిరిగిపోతుంది. కాని అంత మెలి తిరిగే చక్రానికి లోపల అంత జాగా కావాలి. టైరు దగ్గరగా వచ్చే చోటల్లా చపాతీ పిండి ముద్దలు అంటించి, స్టీరింగు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తిప్పించాను. నలిగిన ముద్ద మందమెంతో, మనకున్న జాగా అంత.

"రాత్రికి చేద్దామని కలిపాన్రా ఆ పిండి!" అని అక్కయ్య వంటింట్లోంచి కేకలు.

అప్పుడు కనిపించింది. ముందు చక్రాన్ని పట్టుకుని నిలువుగా ఒక ఉక్కు కాడ ఉంటుంది. దాని క్రింది కొస మరలు చుట్టి, ట్రనియన్ అనే కంచు దిమ్మలో దిగి ఉంటుంది. స్టీరింగు తిప్పినప్పుడల్లా కాడ ఆ మరల్లో తిరుగుతుంది. దానికి గేరు నూనె పోయాలి. గ్రీజు కొడితే గట్టిపడి మరల్లోకి దిగదు. లోపల నీరు చేరి తుప్పు పడుతుంది. ఎడమ ప్రక్క దిమ్మ చుట్టూ నల్లగా గడ్డకట్టిన గ్రీజు. విప్పించి, కిరోసిను పోసి కడిగాం. కాడ మరల మొదట్లో వెంట్రుకవాసి పగులు.

అది విరిగితే ముందు చక్రం కారు క్రిందికి మడుచుకుపోతుంది. దాని మీద ఇంకా బరువైన, వెడల్పయిన చక్రం వేసుంటే చెప్పనక్కరలేదు.

మేనల్లుడు చాలాసేపు ఆ కాడను చేతిలో త్రిప్పి చూశాడు. "ఇన్నేళ్ళూ గ్రీజు కొట్టించింది ఎవరు మామయ్యా?" అన్నాడు.

కొట్టించింది బావగారు. కొట్టించమని సలహా చెప్పింది నేను. చదువు చెప్పే రోజుల్లో ఏ కారయినా ఒకటే అనుకునేవాణ్ణి. ఆ మాట వాడికి చెప్పేశాను. చెప్పకపోతే ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు. ఆ కాడతోనే బావగారు అక్కయ్యనూ, ఈ కుర్రవాణ్ణీ వెంటబెట్టుకుని ఎన్నిసార్లు మోపిదేవి వెళ్ళి వచ్చారో.

మద్రాసు పుదుప్పేటలో వాడు వారం రోజులు తిరిగి కొత్త కాడలు రెండు, స్పిట్‌ఫైర్ తాలూకు నాలుగున్నర అంగుళాల వెడల్పు ఇనుప రిమ్ములు నాలుగు, స్టెప్నీకి ఒకటి తెచ్చాడు. హెరాల్డు పాత రిమ్ము మూడున్నరే. వ్యాసం అదే పదమూడు, బోల్టులూ అవే. వాటికి 155/80 ఆర్ 13 రేడియల్ టైర్లు వేశాం. ఎత్తు 57.8 సెంటీమీటర్లు, అంటే పాతదానికి దాదాపు సమానం. వెడల్పు పాతదానికన్నా దాదాపు ఒక అంగుళం ఎక్కువ. 175 వేద్దామని వాడు చివరిదాకా బ్రతిమాలాడు. పిండి ముద్ద ఒప్పుకోలేదు. పాతకాలపు రిమ్ములు కనుక ట్యూబులు వేయించాను. అయిదూ రేడియల్సే కొనిపించాను. ముందు రేడియలు, వెనక పాత రకం అని కలగలిపితే కారు చెప్పిన మాట వినదు. చట్టం గొడవ కూడా ఒకటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీవారిచ్చిన స్వరూపాన్ని మన ఇష్టం వచ్చినట్లు మార్చడానికి లేదు. అలాయ్ చక్రాలను కొట్టువాడు సగం ధరకు వెనక్కి తీసుకున్నాడు.

మాఘ పౌర్ణమినాడు తెల్లవారుజామున బయలుదేరాం. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు. వాడే నడిపాడు, నేను ప్రక్కన. పులిగడ్డ దాటాక ఒక గేదె అడ్డం వచ్చింది. వాడు బ్రేకు నొక్కాడు. కారు అటూ ఇటూ పోకుండా తిన్నగా నిలబడింది. వాడు నావంక చూశాడు. నేను గేదె వంక చూశాను.

సాగరసంగమంలో స్నానమయి, తడి చీర పిండుకుంటూ అక్కయ్య కారు చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఇంతకీ చక్రాలు మార్చారా లేదురా? అలాగే ఉన్నాయే!"

మేనల్లుడి మొహం చూడాలి! అరవై వేలు ఖర్చయ్యాయి మరి.

ఇంటికి చేరాక ఆమె పాల లెక్కలు రాసుకునే కాలెండరులో ఆరు నెలల తరువాతి తేదీ చుట్టూ సున్నా చుట్టి, ప్రక్కన 'కారుకు నూనె' అని వ్రాసుకుంది. గ్రీజు కాదని నాచేత రెండుసార్లు చెప్పించుకుంది.