ఏడు మీటర్ల గోడ ఎలా కూలింది?

కోట యుద్ధంలో కూలిందంటే శత్రువు బయటినుంచి ఫిరంగులు పేల్చి ఉంటాడని అనుకుంటాం. కానీ మధ్యయుగపు కోటల్లో చాలావాటిని పడగొట్టింది వాటిని చేజిక్కించుకున్నవాళ్లే. పోరు ముగిశాకనో, వదిలి వెళ్లిపోతూనో ఆ పని చేశారు. ఉత్తర ఫ్రాన్సులోని కూసీ కోట అలాగే పోయింది.

13వ శతాబ్దపు తొలి సగంలో మూడో ఆంగెరాన్ అనే ప్రభువు దాన్ని కట్టించాడు. అందులోని మహాబురుజు ఎత్తు సుమారు 54 మీటర్లు, అంటే పద్దెనిమిది అంతస్తుల మేడంత. గోడ మందమే 7 మీటర్ల పైన. మన ఇళ్లలో రెండు గదులు వరసగా ఉంటే ఎంత పొడవో, అంత మందాన రాయి!

1652లో తిరుగుబాటుదారులకు ఆసరా కాకూడదని మంత్రి మజరాన్ దాన్ని పేల్పించాడు. లోపలి అంతస్తులు కూలాయి, గుండ్రటి గోడ నిలిచింది. 1692 భూకంపానికి అదీ బీటలిచ్చింది. 19వ శతాబ్దంలో వాస్తుశిల్పి వియొలె-ల-ద్యుక్, బండిచక్రానికి పట్టా వేసినట్టు, బురుజు చుట్టూ ఇనుప పట్టీలు బిగించాడు.

పట్టీలు ఎందుకంటే, బయటినుంచి దెబ్బ తగిలితే గుండ్రటి గోడలో రాళ్లు ఒకదానికొకటి బిగుసుకుంటాయి. లోపలినుంచి తోస్తే విడిపోతాయి. సున్నపు అతుకు బరువును మోస్తుంది కానీ లాగుడుకు ఆగదు.

మొదటి ప్రపంచయుద్ధంలో, 1914లో, కోట జర్మన్ల చేతికి చిక్కింది. 1917 మార్చిలో హిండెన్‌బర్గ్ రక్షణరేఖకు వెనక్కి మళ్లుతూ, వాళ్లు దారిపొడవునా వంతెనలు కూల్చారు, బావులు పాడుచేశారు. కూసీకి సైనికపరంగా విలువ లేదు, వదిలేయమని జర్మన్ సేనాధిపతుల్లో ఒకడైన బవేరియా యువరాజు రుప్రెక్ట్ కోరాడు. సేనాని లూడెన్‌డార్ఫ్ ఒప్పుకోలేదు. ఒక్క మహాబురుజుకే దాదాపు 28 టన్నుల పేలుడు పదార్థం వాడారు. మందపు గోడల మధ్య చిక్కుకున్న పేలుడు ఆ గోడలనే బయటికి తన్నింది. ఏడు శతాబ్దాల కట్టడం ఉన్న చోట ఇప్పుడు రాళ్లగుట్ట ఉంది.

మజరాన్‌కు కనీసం తిరుగుబాటు భయం ఉంది. లూడెన్‌డార్ఫ్‌కు అలాంటి కారణమూ లేదు. యుద్ధంలో సాంస్కృతిక కట్టడాలను కాపాడాలని 1954లో హేగ్‌లో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. అందులోనూ తప్పనిసరి సైనిక అవసరమైతే మినహాయింపు ఉంది. ఆ అవసరం ఉందో లేదో తేల్చేది సేనాధికారులే. కాబట్టి రుప్రెక్ట్ లాంటి మాట మళ్లీ ఎవరైనా అన్నప్పుడు దాన్ని వినే చెవి ఉండాలి. కోటను నిలిపేది అదే.